కూర్చుని చేసిన సేద్యం

కడప నుండి వేంపల్లె, పులివెందుల మీదుగా కదిరికి పోయే రహదారిలో నీటి జాడ క్రమక్రమంగా తగ్గుతూ పోతుంది. వేంపల్లె సమీపాన పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని వెలుపలికి వచ్చే చోటును గండి అంటారు. ఏటిలో నీరు లేని నెలలలో కూడా ఆ ఇరుకు కనుమ ఒకనాటి ప్రవాహబలాన్ని గుర్తుచేస్తూనే ఉంటుంది. పులివెందుల చుట్టుపట్ల చీనీ తోటలు, అరటి తోటలు కనులకు చల్లగా కనిపిస్తాయి. అవి వెనుకబడి తలుపుల మండలంలో ప్రవేశించామో లేదో ఎర్రని గరప నేల, గుండ్లు పేర్చినట్లున్న గుట్టలు, దూరదూరంగా చింతచెట్లు, వాటి నడుమ వేరుశనగ కోసి ఖాళీ అయిన చేలు ఎదురవుతాయి.

ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి వాన కూడా వేళకు కురుస్తుందన్న భరోసా లేదు. కదిరి పేరుతో వెలువడిన వేరుశనగ వంగడాలు, కదిరి-6, కదిరి లేపాక్షి వంటివి, ఇక్కడి రైతుల నోట ఇంటి బిడ్డల పేర్ల వలె నలుగుతుంటాయి. పదును పడితే విత్తడం, పడకపోతే ఆకాశం వంక చూడడం ఈ నేలపై పుట్టినవారికి ఉగ్గుపాలతో అలవడిన విద్య. ‘ఈ ఏడు పోతే వచ్చే ఏడు’ అన్నది వీరి ఊతపదం. అయితే ఆ మాట వాన గురించి పుట్టినది. వాన సంగతి అటుంచి, సేద్యం చేసే మనిషే మంచాన పడితే ఆ ఇల్లు ఏమి చేయాలి? తలుపుల మండలంలోని ఒక పల్లె అంచున, మూడెకరాల భూమి నడుమ ఉన్న మా చెల్లెలి ఇంట ఈ ప్రశ్నకు దొరికిన జవాబును పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా దీనీ మదరసాలకు షాబాన్ మాసంలో వార్షిక పరీక్షలు ముగిసి సెలవులు మొదలవుతాయి. 2025 ఫిబ్రవరిలో ఆ సెలవులలో అక్కడ పది రోజులు గడిపాను. వెళ్లిన నాటికి చింతకాయల కాలం. ఇంటి ముందు వేపచెట్టు నీడలో గోనెపట్టా పరచి, దానిపై రాలిన చింతకాయలు కుప్ప పోసి ఉన్నాయి. మా చెల్లెలి భర్త ఎత్తైన పీటపై కూర్చుని, ఎడమ కాలు చాచి, చిన్న కొయ్య సుత్తితో బోట్లు కొడుతూ గింజ తీస్తున్నాడు. చేతికర్ర పక్కన గోడకు ఆనించి ఉన్నది. నన్ను చూసి లేవబోయాడు. వద్దని వారించి నేనే వంగి ముసాఫహా చేశాను.

ఆ చోటు

ఆ మూడెకరాల అమరికను కొంచెం వివరించాలి. లేనిచో తరువాతి కథ అర్థం కాదు. ఇంటికి ఆనుకొని అరెకరం బోరు కింద సాగయ్యే భూమి. అందులో కొంత టమాటా, కొంత పశుగ్రాసం, గట్టు మీద ఆరు మునగ చెట్లు. దానికి ఆవల రెండెకరాల మెట్ట. అది వానను నమ్ముకున్న వేరుశనగ చేను. మిగిలిన అరెకరంలో ఇల్లు, పశువుల పాక, కళ్లం, చింతచెట్లు. ఈ సీమలో ఎనుము అని పిలుచుకునే గేదెలు రెండు, మేకలు తొమ్మిది, పాతిక వరకు కోళ్లు.

ఇటువంటి చిన్న సేద్యంలో ఏదీ ఒంటరిగా నిలబడదు. వేరుశనగ కాయ అమ్మకానికి పోతే దాని కట్టె గేదెకు మేత అవుతుంది. గేదె పాలు పూటకు మూడు నాలుగు లీటర్లు కేంద్రానికి పోయి పదిహేను రోజులకొకసారి ఇంటి ఖర్చును నడుపుతాయి. పేడ తిరిగి చేనుకే పోతుంది. మేక అంటే అవసరానికి అక్కరకు వచ్చే రొక్కం. కోడి, గుడ్డు ఆడవారి చేతి పైకం. ఇవన్నీ ఒక గొలుసు. ఆ గొలుసును నడిపించే చేతులు మూడు జతలు: భర్త, భార్య, డెబ్బై ఏళ్లకు చేరువైన అత్తగారు. కూతురు కదిరిలో ఇంటర్మీడియట్, కొడుకు ఊరి దగ్గరి ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి. బడి నుండి వచ్చిన తరువాత వారూ ఒక చేయి వేసేవారు.

2023 ఆగస్టు

2023 ఆగస్టు మొదటి వారంలో ఒకనాడు ఫజ్ర్ నమాజు ముగించుకొని ఆయన పాల క్యాన్లను మోపెడ్‌కు తగిలించుకొని బయలుదేరాడు. రహదారి ఎక్కే మలుపులో ఎదురుగా తప్పు దిశలో వచ్చిన సరుకుల ఆటో ఢీకొన్నది. ఎడమ మోకాలి కింది ఎముకలు రెండూ విరిగి, చర్మాన్ని చీల్చుకొని వెలుపలికి వచ్చాయి. పాలు రోడ్డున పారాయి.

ఆ సమయాన పొలానికి పోతున్న ఒక రైతు రెండు పనులు చేశాడు. మొదటిది, 108కి ఫోను చేయడం. రెండవది, ఆటో నంబరును తన అరచేతిపై వ్రాసుకోవడం. రెండవ పని విలువ ఆనాడు ఎవరికీ తోచలేదు. ప్రమాదంలో గాయపడినవారికి సహాయం చేసినవారిని పేరు చెప్పమని ఎవరూ నిర్బంధించరాదని 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం కింద వచ్చిన నియమాలు చెబుతున్నాయి. కేసులో ఇరుక్కుంటామనే భయంతో పక్కకు తొలగిపోయేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

కాలికి శస్త్రచికిత్స జరిగింది. ఎముకను నిలిపే ఇనుప కడ్డీలు బయటికి కనిపించేలా బిగించారు. ఆరు నెలల వరకు కాలు నేలపై మోపరాదని వైద్యులు చెప్పారు. అప్పటికి వేరుశనగ విత్తి నాలుగు వారాలు. విత్తిన నలభై అయిదు రోజుల వరకు కలుపు లేకుండా కాపాడుకోకపోతే ఆ పంట తరువాత కోలుకోదు. సరిగ్గా ఆ రోజులలోనే వాన మొహం చాటేసింది. 1901 నుండి లెక్కలు చూస్తే దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు మరొకటి లేదని వాతావరణ శాఖ ఆ యేడు ప్రకటించింది. ఆసుపత్రిలో మనిషి, ఎండుతున్న చేను, పాలు పితకవలసిన గేదె, బడికి పోవలసిన పిల్లలు. మా చెల్లెలి ముందు ఒకేసారి నిలిచిన పరీక్ష ఇది.

మూడు గడుల నోటుపుస్తకం

ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన వారానికి సలహాలు చెప్పేవారు వరుస కట్టారు. అందరూ మేలు కోరినవారే. ఒకరు పాలిచ్చే గేదెను అమ్మమన్నారు, దానికే మంచి ధర పలుకుతుంది గనుక. ఒకరు చెవి కమ్మలు కుదువ పెట్టమన్నారు. ఒకరు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు ఇప్పిస్తామన్నారు. ఒక పెద్దమనిషి పిల్లవాణ్ణి ఒక సంవత్సరం బడి మాన్పించమన్నాడు. “వాడే ఇప్పుడు ఇంటికి మగదిక్కు” అన్నాడట.

మా చెల్లెలు పదవ తరగతి వరకు చదువుకున్నది. కొడుకు పాత నోటుపుస్తకం వెనుక పుటలో గీతలు గీసి మూడు గడులు చేసింది. మొదటి గడిలో రోజూ ఇచ్చేవి, రెండవదానిలో ఏడాదికొకసారి ఇచ్చేవి, మూడవదానిలో ఒక్కొక్కటి ఎన్ని చేతులను అడుగుతుందో వ్రాసింది. ఆ పుస్తకం నాకు చూపించింది. అక్షరాలు వంకరగా ఉన్నా లెక్క సూటిగా ఉన్నది.

పాలిచ్చే గేదె రోజూ ఇస్తుంది, ఒక జత చేతులు చాలు. కనుక అది ఉండాలి. చూడి గేదె ఈనడానికి ఇంకా అయిదు నెలలు. అంతవరకు మేత తింటుందే తప్ప ఏమీ ఇవ్వదు. కనుక అది పోవాలి. మేకలలో పోతులు నాలుగు అమ్మకానికి, తల్లి మేకలు ఇంటికి. వేరుశనగ రెండెకరాలకూ కలుపు తీసే చేతులు లేవు. బావి గట్టుకు దగ్గరగా ఉన్న ఎకరాన్ని కాపాడుకోవాలి. దూరపు ఎకరాన్ని పచ్చిగా ఉండగానే పీకి పశువుకు మేత చేయాలి. కమ్మలు కుదువ పెడితే వడ్డీ, అమ్మితే ఒక్కసారి బాధ. అమ్మేసింది. బడి సంగతి మాత్రం ఏ గడిలోనూ లేదు. ఎందుకు వ్రాయలేదని అడిగాను.

“అది అమ్మకానికి పెట్టినవాటిలో లేదు గదా, భాయీజాన్” అన్నది. కొంతసేపు ఆగి మరొక మాట చెప్పింది: “ఎకరం ఒక ఏడు బీడు పడితే మరుసటి ఏడు విత్తుకోవచ్చు. తొమ్మిదో తరగతిలో బడి మానిన పిల్లలను చూశాను. వాళ్లెవరూ తిరిగి బడికి పోలేదు.”

నాకు అక్కడ ఆశ్చర్యం కలిగించిన విషయం, ఆమె దేనినీ పూర్తిగా వదులుకోలేదు, దేనినీ మునుపటంతగా పట్టుకోనూ లేదు. ఉన్న చేతులకు తగినంతగా ఆ చోటును చిన్నది చేసింది. సెప్టెంబరులో ఒకటి రెండు పదునులు పడగానే పీకేసిన ఎకరంలో ఉలవలు చల్లించింది. ఉలవ మొండి పైరు. ఆలస్యంగా విత్తినా, వాన తక్కువైనా, మనిషి పట్టించుకోకపోయినా ఎంతో కొంత ఇస్తుంది. దాని పొట్టు పశువుకు, గింజ ఇంటికి.

అప్పు, సాయం

వడ్డీ అప్పు ముట్టుకోలేదు. మసీదు జమాఅత్ నుండి కొంత, ఇద్దరు బంధువుల నుండి కొంత ఖర్జె హసనా, అంటే వడ్డీ లేని చేబదులు, తీసుకున్నారు. ప్రతి పైసా అదే నోటుపుస్తకంలో తేదీతో, ఇచ్చినవారి సంతకంతో వ్రాసి ఉన్నది. బంధువుల మధ్య కాగితమెందుకని ఒకరు నొచ్చుకున్నారట. దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా సుదీర్ఘమైన ఆయత్ అప్పును వ్రాసుకోవడం గురించినదేనని మా విద్యార్థులకు నేను ఏటా చెబుతుంటాను. అది ఒక పల్లె ఇంటిలో, బడిపిల్లవాని నోటుపుస్తకంలో ఆచరణగా కనిపించినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు. వ్రాత అనుమానాన్ని పుట్టించదు, అనుమానానికి తావు లేకుండా చేస్తుంది. ఇచ్చినవారు నాలుగు కాలాల పాటు మనవారుగా మిగలాలంటే అంతకన్నా మేలైన మార్గం లేదు.

పొరుగువారి సాయం మరొక రకం. పక్క చేని పెద్దాయన, ఆయన ఇంటి ఆడవారు కలిసి నాలుగు రోజులు వచ్చి కలుపు తీశారు. కూలి పుచ్చుకోలేదు. “మీ ఆయన మా పెళ్లికి బండి కట్టినప్పుడు కూలి అడిగినాడా చెల్లెమ్మా?” అన్నారట. మా చెల్లెలు ఆ నాలుగు రోజులను కూడా పుస్తకంలో వ్రాసింది. డిసెంబరులో వారి కంది కోతకు తాను రెండు రోజులు, సెలవు దినాలలో పిల్లలు రెండు రోజులు వెళ్లి ఆ బదులు తీర్చారు. పల్లెలలో బదులు కూలి అన్నది పాత పద్ధతే. దయగా వచ్చిన సాయాన్ని కూడా ఆ పద్ధతిలోకి తీసుకురావడం వలన ఈ ఇంటి తల ఎక్కడా వంగలేదు.

పరిహారం అనే చిక్కు

ఆటో నడిపినవాడు ఇరవై రెండేళ్ల పేద యువకుడు. అతని తరఫు పెద్దలు వచ్చి కొంత సొమ్ము చేతిలో పెట్టి కేసు లేకుండా చేయమని కోరారు. ‘రాసిపెట్టి ఉన్నది జరిగింది, క్షమించడమే మన ధర్మం’ అని మన పెద్దలలో కొందరు కూడా సలహా ఇచ్చారు. మా చెల్లెలి భర్త ఆ యువకుణ్ణి పిలిపించి, నీ మీద నాకు పగ లేదని చెప్పి పంపాడు. కాని కాగితం మీద సంతకం చేయలేదు.

ఈ రెండింటి మధ్య తేడాను మన కుటుంబాలు గ్రహించవలసి ఉన్నది. తఖ్దీరును అంగీకరించడం హృదయానికి సంబంధించిన విషయం. గాయానికి పరిహారం న్యాయానికి సంబంధించినది. మన ధర్మశాస్త్ర గ్రంథాలు గాయాల పరిహారానికి ప్రత్యేకంగా అధ్యాయాలనే కేటాయించాయి. తన హక్కును వదులుకునే అధికారం గాయపడినవానికి ఉన్నది. అయితే ఆ హక్కులో పిల్లల అన్నం, వారి చదువు కలిసి ఉన్నప్పుడు తొందరపడి సంతకం చేయడం ఔదార్యం అనిపించుకోదు.

దేశ చట్టం ఏమంటున్నదో కూడా చెప్పాలి. ప్రతి వాహనానికి మూడవ పక్షపు బీమా తప్పనిసరి. ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారపు దరఖాస్తు దాఖలు చేయాలని 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ చెబుతున్నది. గుద్దిన వాహనం దొరకకుండా పారిపోతే తీవ్రంగా గాయపడినవారికి 50,000 రూపాయలు, మరణిస్తే వారసులకు 2 లక్షల రూపాయలు ఇచ్చే పథకం కూడా అదే తేదీ నుండి ఉన్నది. న్యాయవాదికి రుసుము చెల్లించుకోలేని మహిళలకు, పేదలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని సమకూర్చుతుంది.

ఆ ఆరు నెలల గడువు 2024 ఫిబ్రవరి మొదటి వారంతో ముగియనున్నది. సరిగ్గా జనవరి చివరిలో కాలికి చీము పట్టి రెండవసారి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. అదే వారం బోరు మోటారు కాలిపోయింది. భర్త ఆసుపత్రిలో, టమాటా చేను వాడిపోతున్నది. మా చెల్లెలు ఒక పూట ఆసుపత్రిలో కూతురును కూర్చోబెట్టి, ప్రాథమిక సమాచార నివేదిక, వైద్య పత్రాలు, రశీదులు ఒక గుడ్డ సంచిలో వేసుకొని న్యాయవాది వద్దకు వెళ్లి దరఖాస్తు వేసి వచ్చింది. టమాటాను వదిలేసింది. పక్క బోరు నుండి రాత్రి పూట ఒక గంట నీరు అడిగి పుచ్చుకొని పశుగ్రాసాన్ని, మునగ చెట్లను బ్రతికించుకున్నది. మోటారు బాగు చేయించడానికి రెండు నెలలు పట్టింది. ట్రిబ్యునల్‌లో తీర్పు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు వస్తుందని, దానిని నమ్ముకొని ఇప్పుడే ఏ అప్పూ చేయమని వారు అన్నారు.

మంచం నుండి పీటకు

ఇంతవరకు చెప్పినదంతా భార్య గెలిచిన పోరాటం. భర్త పోరాటం వేరుగా జరిగింది, అది బయటికి కనిపించేది కాదు.

మొదటి మాసాలలో ఆయన ఎవరితోనూ మాట్లాడలేదట. కాలికి కట్టు, కడ్డీలు ఉన్నందున వుజూలో కట్టు మీద తడిచేతితో మసహ్ చేసుకొని, మంచం మీదనే కూర్చుని నమాజు చేసేవాడు. చేతికర్రతో నడవగలిగిన తరువాత కూడా మసీదుకు పోవడానికి వెనుకాడాడు. సఫ్‌లో అందరూ నిలబడి ఉండగా తాను కుర్చీ వేసుకోవడం ఆయనకు చిన్నతనంగా తోచింది. ఇరవై అయిదేళ్లు నాగలి, గుంటక పట్టిన మనిషి ఆయన. అంతకన్నా పెద్ద బాధ, తాను ఉండి కూడా భార్య పాకలో ఒంటరిగా పేడ ఎత్తుతున్న చప్పుడు వినడం.

ఆయనను కదిలించినది ఆయన తల్లి. 2024 మే నెలలో విత్తనపు కాయల బస్తాలు మంచం పక్కనే దించి, “నోటితో మాట్లాడకపోతే మానె, చేతులు ఊరికే ఉన్నాయి గదా” అన్నదట. వేరుశనగ విత్తనాన్ని చేతితో ఒలవడం ఈ ప్రాంతంలో అనాదిగా ఉన్న పని. యంత్రంలో వేస్తే గింజ చిట్లుతుంది, పైపొర లేస్తుంది, మొలక దెబ్బ తింటుంది. ఎకరానికి అరవై కిలోలకు పైగా గింజలు కావాలి. అదంతా కూర్చుని చేసే పని. ఆయన తమ ఎకరానికి కావలసినది ఒలిచాడు. తరువాత పక్క చేని పెద్దాయన విత్తనాన్ని కూడా తెప్పించుకొని ఒలిచి ఇచ్చాడు. బదులు పుస్తకంలో తన పేరున వ్రాయించుకున్న మొదటి పద్దు అదేనట.

ఆ తరువాత ఒక్కొక్కటిగా పనులు ఆయన కూర్చున్న చోటికి వచ్చాయి. మేకల పాకను ఇంటి గోడకు ఆనించి కట్టారు. నీటి తొట్టిని నడుము ఎత్తుకు లేపారు. పాకలో ఒక మూలకు మరొక మూలకు తాడు కట్టి, అది పట్టుకొని నడిచే ఏర్పాటు చేశారు. నీడ పందిరి వేసి 98 గుంతల ట్రేలలో కొబ్బరి పొట్టు నింపి టమాటా నారు పెంచడం మొదలుపెట్టాడు. పాతిక రోజులకు నారు చేతికి వస్తుంది. బల్ల ముందు కూర్చుని చేసే పని అది. చుట్టుపక్కల రైతులు ఇప్పుడు ఆయన వద్దకు వచ్చి నారు కొంటున్నారు. ఆరోగ్యంగా ఉన్న రోజులలో ఆయన నారును బయటి నుండి కొని తెచ్చేవాడు.

నేను ఉన్న రోజులలో ఒక సాయంకాలం అస్ర్ నమాజు తరువాత చింతకాయల కుప్ప దగ్గర మేమిద్దరమే ఉన్నాము. ఎంతోకాలంగా మనసులో ఉన్న ప్రశ్నను ఆయన బయటపెట్టాడు.

“భాయీసాబ్, కూర్చుని చేసే నమాజుకు సగమే ప్రతిఫలమంటారు. నిజమేనా?”

ఏటా మదరసాలో ‘సలాతుల్ మరీజ్’, అంటే రోగి నమాజు అనే అధ్యాయాన్ని నేను బోధిస్తాను. నిలబడలేనివాడు కూర్చుని చేయాలి. కూర్చోలేనివాడు పడుకుని సైగలతో చేయాలి. శక్తి తగ్గిన కొద్దీ నమాజు రూపం తగ్గుతుంది గాని నమాజు మిగిలే ఉంటుంది. విద్యార్థులు ఆ నియమాలను కంఠస్థం చేసి పరీక్ష వ్రాస్తారు. ఆ అధ్యాయాన్ని ఒక మనిషి తన బ్రతుకు ప్రశ్నగా నన్ను అడగడం మాత్రం అదే ప్రథమం.

సగం ప్రతిఫలం గురించిన హదీసు, నిలబడే శక్తి ఉండి కూడా నఫిల్ నమాజును కూర్చుని చేసేవాని విషయమని ఉలమాలు వివరించిన సంగతి ఆయనకు చెప్పాను. కారణం వలన కూర్చున్నవానికి ఏ కొరతా లేదని చెప్పాను. జబ్బుపడినవానికి తాను ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన సత్కార్యాల ప్రతిఫలం వ్రాయబడుతూనే ఉంటుందన్న శుభవార్త సహీహ్ బుఖారీలో ఉన్నదని కూడా చెప్పాను.

ఆయన చాలాసేపు మౌనంగా బోట్లు కొట్టాడు. పాలు పితికి వస్తున్న మా చెల్లెలు ఆ మాటలు విన్నది. “అల్లాహ్ నిండుగానే ఇస్తాడు. నేల మాత్రం సగమే ఇచ్చింది” అన్నది. ముగ్గురమూ నవ్వుకున్నాము. ప్రమాదం తరువాత ఆయన నవ్వు వినడం నాకు అదే మొదలు. ఆ జుమాకు ఆయన నాతో పాటు మసీదుకు వచ్చి, సఫ్ చివరన కుర్చీ వేసుకొని నమాజు చేశాడు. ఎవరూ తిరిగి చూడలేదు.

ఇప్పుడు

కష్టాలు ముగిశాయని వ్రాస్తే అది అసత్యమవుతుంది. ఈ చలికాలంలో కొక్కెర తెగులు వచ్చి కోళ్లలో పదకొండు చనిపోయాయి. వాటిని లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చారు. మిగిలినవాటికి పశువైద్యశాలలో టీకా వేయించారు. ఆయన కాలు ఇకపై నిండుగా వంగదు. నాగలి వెనుక నడవడం సాధ్యం కాదు. ఖర్జె హసనాలో సగానికి పైగా తీరింది, మిగిలినది పుస్తకంలో ఉన్నది. ఉంచుకున్న గేదె గత కార్తెలలో పెయ్యదూడను ఈనింది. అమ్మిన గేదె స్థానాన్ని అది పెరిగాక నింపుతుందని ఆశ. కూతురు ఇంటర్మీడియట్ పూర్తి చేసి డిగ్రీలో చేరింది. కొడుకు పదవ తరగతి పరీక్షలకు లాంతరు పట్టుకొని గేదె పాకలో చదువుతున్నాడు, అక్కడ దోమలు తక్కువని అతని వాదన. సాయంత్రం పొగ వేస్తారు గనుక అది నిజమే.

ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు ఒక మలుపులో ఒక వాహనం ఎదురవుతుంది. అది ప్రమాదం కావచ్చు, రోగం కావచ్చు, నష్టం కావచ్చు. అప్పుడు ఇల్లు రెండు విధాల దెబ్బ తింటుంది. పడిన దెబ్బ ఒకటి, దాని తరువాత భయంతో తీసుకునే నిర్ణయాలు రెండవది. పాలిచ్చేదానిని అమ్ముకోవడం, పిల్లల బడి మాన్పించడం, వడ్డీకి చేయి చాచడం, చదవకుండా సంతకం పెట్టడం, ఇవన్నీ రెండవ దెబ్బలు. మొదటిది మన చేతిలో లేదు. రెండవదానిని చాలావరకు ఆపగలము. సహనమన్న మాటకు మనం తరచుగా మౌనమని అర్థం చెప్పుకుంటాము. ఆ ఇంటిలో నేను చూసిన సహనం ఉదయాన లేచి, ఈనాడు ఎన్ని చేతులున్నాయో లెక్కపెట్టుకొని, అంత పనికే పూనుకోవడం. వాహనం నడిపేవారు బీమా, అనుమతి పత్రాలు ఇంట ఒక చోట భద్రపరచి, ఆ చోటు ఇల్లాలికి చెప్పి ఉంచడం కూడా అందులో భాగమే.

రాబోయే ఖరీఫుకు దూరపు ఎకరంలో తిరిగి వేరుశనగ విత్తాలా, ఉలవతోనే సరిపెట్టుకోవాలా అని వారింకా నిర్ణయించుకోలేదు. నోటుపుస్తకంలో ఆ ఎకరానికి ఎదురుగా ఉన్న గడి ఖాళీగానే ఉన్నది. జూన్‌లో పడే పదునును, ఆయన కాలిని, రెండింటినీ చూసి నింపుతామని మా చెల్లెలు చెప్పింది.